మెథడ్ ఏ టైపు ఇస్తుందో ప్రోగ్రాం నడుస్తుండగానే తెలుసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంజనీరింగ్, ఎంసీఏ చదివే పిల్లలు ప్రాజెక్టు రోజుల్లో పదేపదే తగులుకునే చోటు ఇది. వాళ్లు అడిగిన తీరులోనే ప్రశ్నలు పెట్టాను. ఉదాహరణలన్నీ ఒకే ప్రోగ్రాం నుంచి తీసుకున్నాను: పలాస వైపు జీడి వ్యాపారి లెక్కల సాఫ్ట్‌వేర్. అందులో 'సరుకు' అనే తల్లి క్లాసు ఉంది, దాని కింద 'పిక్కలబస్తా', 'పప్పుడబ్బా' ఉన్నాయి. ఉద్దానంలో పిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన నడుస్తుంది కాబట్టి 'బరువు' మెథడ్ ఇంట్ ఇస్తుంది. 'గోడౌన్' క్లాసులో 'బస్తాలు' అనే మెథడ్ పిక్కలబస్తాల లిస్ట్ ఇస్తుంది. జావాకి ఎక్కువ చోటు ఇచ్చాను, చిక్కులన్నీ అక్కడే ఉన్నాయి మరి.

రిటర్న్ టైపుని రన్‌టైంలో చూడటమంటే ఏటి మాస్టారూ?

మెథడ్‌ని పిలవకుండా, దాని సోర్స్ చేతిలో లేకుండా, "ఏం ఇస్తానని రాసుకున్నావు?" అని నడుస్తున్న ప్రోగ్రామే అడగడం. జావా కంపైలర్ క్లాసు ఫైలు తయారుచేసేటప్పుడు ప్రతి మెథడ్ పేరు పక్కన ఒక డిస్క్రిప్టర్ రాసిపెడుతుంది. అందులో పారామీటర్ల టైపులతో పాటు రిటర్న్ టైపు కూడా ఉంటుంది. జావా ప్రోగ్రాంని నడిపే జేవీఎం ఆ ఫైలుని లోడ్ చేసుకున్నాక ఆ వివరం మెమరీలోకి వస్తుంది. దాన్ని మనకి అందించే ఏపీఐ పేరే రిఫ్లెక్షన్. జావాలో ఇది 1997 నాటి జేడీకే 1.1 నుంచీ ఉంది. ఆలోచన ఇంకా పాతది: తన గురించి తాను విచారించుకోగలిగే లిస్ప్ భాష ఎలా ఉండాలో బ్రయన్ కాంట్‌వెల్ స్మిత్ 1982లో ఎంఐటీకి సమర్పించిన థీసిస్‌లో వివరించారు.

సోర్స్ తెరిస్తే కనిపిస్తుంది కదా, ఇంత తతంగం ఎందుకు?

మీ సోర్స్ మీకు కనిపిస్తుంది. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ రాసినవాళ్లకి మీ గోడౌన్ క్లాసు ఉందనే తెలీదు. మీ మెథడ్ లిస్ట్ ఇస్తుందా, స్ట్రింగ్ ఇస్తుందా అన్నది వాళ్ల కోడ్ నడుస్తుండగానే తేల్చుకోవాలి, మరో దారి లేదు.

మాకిటో చూడండి, టెస్టుల కోసం ఉత్తుత్తి వస్తువులు (మాక్‌లు) చేసిపెట్టే లైబ్రరీ. పిక్కలబస్తాకి మాక్ చేసి, ఏమీ నేర్పకుండా 'బరువు' పిలిస్తే 0 వస్తుంది. బూలియన్ ఇచ్చే మెథడ్‌కి ఫాల్స్ వస్తుంది, లిస్ట్ ఇచ్చేదానికి ఖాళీ లిస్ట్, ఆప్షనల్ ఇచ్చేదానికి ఖాళీ ఆప్షనల్. ఈ తేడా దానికెలా తెలిసింది? రిటర్న్ టైపు చూసే. సర్వర్‌తో మాట్లాడించే రెట్రోఫిట్ లైబ్రరీలో మీరు రాసేది ఇంటర్‌ఫేస్ మాత్రమే, లోపల కోడే ఉండదు. సర్వర్ నుంచి వచ్చిన జేసన్‌ని ఏ క్లాసుగా మార్చాలో అది మీ మెథడ్ రిటర్న్ టైపులోంచే చదువుకుంటుంది.

మీరే డైనమిక్ ప్రాక్సీ (ఇంటర్‌ఫేస్‌కి నడుస్తుండగానే పుట్టించే బదులు వస్తువు) రాసినా ఇదే అవసరం పడుతుంది. ఇన్వొకేషన్ హ్యాండ్లర్ చేతికి మెథడ్ ఆబ్జెక్టు వస్తుంది. ఆ మెథడ్ ఇంట్ ఇస్తానంటే, మీరు నల్ తిరిగిచ్చిన క్షణంలో నల్ పాయింటర్ ఎక్సెప్షన్. వేరే క్లాసు వస్తువు ఇస్తే క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్. కాబట్టి ఇచ్చేముందు ఏం ఇవ్వాలో చూసుకోవాలి.

జావాలో రాయడం ఎలా?

ఒక్క వాక్యం:

పిక్కలబస్తా.క్లాస్.గెట్‌మెథడ్("బరువు").గెట్‌రిటర్న్‌టైప్()

చేతికి వచ్చేది క్లాస్ ఆబ్జెక్టు. స్ట్రింగ్‌గా మార్చి పేరు పోల్చడం చాలామంది చేస్తారు, అది వద్దు. ఇంట్.క్లాస్‌తో నేరుగా రెండు ఈక్వల్స్ గుర్తులు పెట్టి పోల్చండి.

మెథడ్‌కి పారామీటర్లుంటే వాటి క్లాసులు కూడా ఇవ్వాలి. పారామీటర్ ఇంట్ అయితే ఇంట్.క్లాస్ అనే ఇవ్వాలి, ఇంటీజర్.క్లాస్ ఇస్తే అలాంటి మెథడ్ లేదని నో సచ్ మెథడ్ ఎక్సెప్షన్ వేస్తుంది. మెథడ్ కళ్లెదుటే ఉంది, లేదంటుందేంటని తల పట్టుకునేవాళ్లలో సగం మంది ఇక్కడే పడతారు.

మిగతా సగం గెట్‌మెథడ్స్‌కీ గెట్‌డిక్లేర్డ్‌మెథడ్స్‌కీ తేడా చూసుకోనివాళ్లు. మొదటిది పబ్లిక్ మెథడ్స్ అన్నీ ఇస్తుంది, తల్లి క్లాసు నుంచి వచ్చినవాటితో సహా. రెండోది ఆ క్లాసులో స్వయంగా రాసినవే ఇస్తుంది, కానీ ప్రైవేట్ కూడా ఇస్తుంది. రెండూ ఏ వరసలో వస్తాయో హామీ లేదు. సోర్స్‌లో మొదట రాసిన మెథడ్ జాబితాలోనూ మొదట ఉంటుందని నమ్మి కోడ్ రాయకండి. మీ లాప్‌టాప్‌లో నడిచింది సర్వర్ మీద నడవదు.

మెథడ్ 'సరుకు' అంటుంది, తీరా పిలిస్తే 'పిక్కలబస్తా' వచ్చింది. ఏది నిజం?

రెండూ. అవి వేరువేరు ప్రశ్నలకి జవాబులు, అంతే. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

గెట్‌రిటర్న్‌టైప్ చెప్పేది మెథడ్ ఇచ్చిన మాట. పిలవకపోయినా ఆ మాట ఉంటుంది, ఎన్నిసార్లు పిలిచినా మారదు. వచ్చిన వస్తువు మీద గెట్‌క్లాస్ పిలిస్తే తెలిసేది ఈసారి చేతికి అందింది ఏమిటన్నది. గోడౌన్‌లో 'ముందుసరుకు' అనే మెథడ్ సరుకు ఇస్తానంది అనుకుందాం. పొద్దున పిక్కలబస్తా రావచ్చు, సాయంత్రం పప్పుడబ్బా రావచ్చు, గోడౌన్ ఖాళీ అయితే నల్ రావచ్చు. నల్ వచ్చినప్పుడు దాని మీద గెట్‌క్లాస్ పిలవలేం. కానీ మెథడ్ ఇచ్చిన మాట మాత్రం అప్పటికీ సరుకే.

పిల్లల కోడ్‌లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే: వాళ్లకి కావలసింది రెండో జవాబు, అడిగేది మొదటి ప్రశ్న. వచ్చిన వస్తువు పిక్కలబస్తా అవునా కాదా అన్నదే మీకు కావాలంటే రిఫ్లెక్షన్ జోలికే వెళ్లొద్దు, ఇన్‌స్టన్స్ఆఫ్ చాలు. పిలవకముందే తెలియాలంటేనే గెట్‌రిటర్న్‌టైప్.

ఇంట్ ఇచ్చే మెథడ్‌ని ఇన్వోక్ చేస్తే ఇంటీజర్ వచ్చింది. అదేటి?

మెథడ్ క్లాసులోని ఇన్వోక్ ఏ మెథడ్‌ని పిలిచినా ఫలితాన్ని ఆబ్జెక్ట్‌గానే ఇస్తుంది. ఇంట్ ఆబ్జెక్ట్ కాదు కాబట్టి ఇంటీజర్‌లో పెట్టి ఇస్తుంది. రిటర్న్ టైపు అడిగితే మాత్రం ఇంట్.క్లాస్ అనే చెబుతుంది. ఇంట్.క్లాస్, ఇంటీజర్.క్లాస్ వేరువేరు ఆబ్జెక్టులు, పోలిస్తే ఫాల్స్.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. సంఖ్య ఇచ్చే మెథడ్స్ అన్నీ ఏరాలని నంబర్.క్లాస్ మీద ఈజ్‌అసైనబుల్‌ఫ్రమ్ పెడతారు. ఇంటీజర్ ఇచ్చేవి దొరుకుతాయి, ఇంట్ ఇచ్చేవి జారిపోతాయి. ఇంట్ లాంటి ప్రిమిటివ్ టైపులకి వంశవృక్షం లేదు, ఆబ్జెక్ట్.క్లాస్‌తో అడిగినా ఫాల్సే. జావా 7 నుంచి ఉన్న మెథడ్‌టైప్ క్లాసుతో దీనికి సులువు దారి ఉంది: ఆ రిటర్న్ టైపుతో ఒక మెథడ్‌టైప్ తయారుచేసి, దాని మీద ర్యాప్ పిలిచి, మళ్లీ రిటర్న్ టైపు అడగండి. ఇంట్ ఉంటే ఇంటీజర్ అయి వస్తుంది, మిగతావి ఉన్నట్టే వస్తాయి. ఎనిమిది ప్రిమిటివ్‌లకీ ఇఫ్‌లు రాసుకోనక్కర్లేదు.

ఈజ్‌అసైనబుల్‌ఫ్రమ్ ఎటునుంచి ఎటు చదవాలన్నది అందరూ తడబడేదే. ఎడమన పెద్దది, బ్రాకెట్లో చిన్నది. సరుకు.క్లాస్ ఎడమన, పిక్కలబస్తా.క్లాస్ బ్రాకెట్లో ఉంటే ట్రూ.

వాయిడ్ మెథడ్‌కి ఏం వస్తుంది?

వాయిడ్.క్లాస్ వస్తుంది, అది చిన్న వి ఉన్నది. పెద్ద వి ఉన్న వాయిడ్ వేరు, అది మామూలు క్లాసు. వాయిడ్ మెథడ్‌ని ఇన్వోక్ చేస్తే నల్ వస్తుంది. నల్ వచ్చింది కాబట్టి వాయిడ్ అనుకోకండి, సరుకు ఇచ్చే మెథడ్ కూడా నల్ ఇవ్వగలదు.

'బస్తాలు' మెథడ్ లిస్ట్ అని మాత్రమే చెబుతోంది. లోపల ఏమున్నాయో చెప్పదేం?

జావాలో జెనరిక్స్ 2004లో, జావా 5తో వచ్చాయి. పాత కోడ్ చెడకుండా ఉండాలని కంపైల్ అయ్యాక లోపలి టైపుని చెరిపేసే పద్ధతి పెట్టారు. దీన్ని టైప్ ఎరేజర్ అంటారు. అందుకే గెట్‌రిటర్న్‌టైప్ అడిగితే లిస్ట్ వరకే చెబుతుంది.

అయితే పూర్తిగా చెరిగిపోదు, ఇది చాలామందికి తెలీదు. చెరిగేది వస్తువులోంచి. మెథడ్ డిక్లరేషన్‌లో రాసింది క్లాసు ఫైలులో సిగ్నేచర్ అనే ఆట్రిబ్యూట్‌లో భద్రంగా ఉంటుంది. దాన్ని చదవాలంటే గెట్‌జెనరిక్‌రిటర్న్‌టైప్ పిలవాలి. 'బస్తాలు' మెథడ్ లిస్ట్<పిక్కలబస్తా> అని రాసుకుని ఉంటే పారామీటరైజ్డ్‌టైప్ వస్తుంది. దాని మీద గెట్‌యాక్చువల్‌టైప్‌ఆర్గ్యుమెంట్స్ పిలిస్తే మొదటి గడిలో పిక్కలబస్తా క్లాసు కనిపిస్తుంది. అదే లిస్ట్ వస్తువుని పట్టుకుని నీలో ఏ టైపు అని అడిగితే చెప్పలేదు. దానికి నిజంగానే తెలీదు.

గెట్‌జెనరిక్‌రిటర్న్‌టైప్ ఎప్పుడూ పారామీటరైజ్డ్‌టైపే ఇస్తుందనుకోవద్దు. మెథడ్ ఉత్త పిక్కలబస్తా ఇస్తే మామూలు క్లాస్ ఆబ్జెక్టే వస్తుంది. టీ (అసలు టైపు తర్వాత చెబుతామని పెట్టే ఉత్త పేరు) ఇస్తానంటే టైప్‌వేరియబుల్. టీల అర్రే అయితే జెనరిక్‌అర్రేటైప్. లోపల ప్రశ్నార్థకం పెట్టి ఉంటే ఆర్గ్యుమెంట్ స్థానంలో వైల్డ్‌కార్డ్‌టైప్. కాస్ట్ చేసేముందు ఇన్‌స్టన్స్ఆఫ్ తప్పనిసరి.

టైప్‌వేరియబుల్ వచ్చినప్పుడు అసలు పని మొదలవుతుంది. గోడౌన్<టీ>లో 'తీయి' అనే మెథడ్ టీ ఇస్తుంది. దానికి పిల్ల క్లాసుగా పిక్కలగోడౌన్ రాసి, టీ స్థానంలో పిక్కలబస్తా ఇచ్చారు. ఇప్పుడు పిక్కలగోడౌన్ ద్వారా 'తీయి' రిటర్న్ టైపు అడిగినా అది టీ అనే చెబుతుంది, మెథడ్ రాసింది తల్లి క్లాసులో కదా. టీ అంటే పిక్కలబస్తా అని తేలాలంటే గెట్‌జెనరిక్‌సూపర్‌క్లాస్ పట్టుకుని పైకి ఎక్కాలి. రెండు మూడు మెట్లుంటే ప్రతి మెట్టు దగ్గరా పేర్లు మారతాయి. చేత్తో రాయగలరు గానీ వద్దు. స్ప్రింగ్‌లో రిజాల్వబుల్‌టైప్, గ్వావా లైబ్రరీలో టైప్‌టోకెన్ ఈ పనికోసమే ఉన్నాయి.

గెట్‌డిక్లేర్డ్‌మెథడ్స్ ఒకే మెథడ్‌ని రెండేసి సార్లు చూపిస్తోంది. బగ్గా?

కాదు. సరుకులో 'నకలు' అనే మెథడ్ సరుకు ఇస్తుంది. పిక్కలబస్తాలో దాన్నే ఓవర్‌రైడ్ చేసి, పిక్కలబస్తా ఇస్తానని రాశారు. దీన్ని కోవేరియంట్ రిటర్న్ టైపు అంటారు, ఇదీ జావా 5లోనే వచ్చింది. ఇప్పుడు పిక్కలబస్తా మీద గెట్‌డిక్లేర్డ్‌మెథడ్స్ నడిపి పేరూ రిటర్న్ టైపూ ప్రింట్ చేయండి. 'నకలు' రెండు లైన్లలో కనిపిస్తుంది: ఒకదాని పక్కన పిక్కలబస్తా, రెండోదాని పక్కన సరుకు. మీరు రాసింది ఒక్కటే.

రెండోది కంపైలర్ చేర్చింది. జేవీఎం మెథడ్‌ని వెతికేటప్పుడు పేరుతో పాటు డిస్క్రిప్టర్ మొత్తం, అంటే రిటర్న్ టైపుతో సహా, కలవాలని చూస్తుంది. పాత కోడ్ 'సరుకు ఇచ్చే నకలు' కావాలని పిలుస్తుంది. మీ పిక్కలబస్తాలో ఉన్నది 'పిక్కలబస్తా ఇచ్చే నకలు'. జేవీఎం దృష్టిలో ఇవి వేరు, ఓవర్‌రైడింగ్ జరగనట్టే. అందుకని కంపైలర్ సరుకు ఇచ్చే మరో నకలుని దొంగచాటుగా పుట్టించి, అది మీ నకలుని పిలిచేలా చేస్తుంది. దాని పేరు బ్రిడ్జ్ మెథడ్.

జాబితా తిప్పేటప్పుడు ఈజ్‌బ్రిడ్జ్ ట్రూ అయినవాటిని దాటేయండి. పేరిచ్చి గెట్‌మెథడ్‌తో ఒక్కదాన్నే అడిగితే ఈ గొడవ లేదు, రిటర్న్ టైపు ఎక్కువ నిర్దిష్టంగా ఉన్నదాన్నే అది ఏరి ఇస్తుంది.

రిటర్న్ టైపు ఒక్కటే మార్చి ఓవర్‌లోడింగ్ చేయొచ్చా? వైవాలో అడిగారండి.

జావా భాషలో చేయలేం, కంపైలర్ ఒప్పుకోదు. జేవీఎంకి మాత్రం అభ్యంతరం లేదు, పైన చూసిన బ్రిడ్జ్ మెథడే సాక్ష్యం. వైవాలో ఈ రెండో ముక్క కూడా చెబితే ఎగ్జామినర్ కళ్లద్దాలు సర్దుకుంటారు.

ప్రైవేట్ మెథడ్ రిటర్న్ టైపు చూడొచ్చా?

చూడటానికి అడ్డేమీ లేదు. గెట్‌డిక్లేర్డ్‌మెథడ్‌తో పట్టుకుని టైపు చదువుకోవచ్చు. ఆటంకం పిలవడం దగ్గరే. సెట్‌యాక్సెసిబుల్ ట్రూ పెట్టాలి. మీ సొంత క్లాసులకి అది సరిపోతుంది. జావా లోపలి ప్యాకేజీల జోలికి వెళితే ఇన్‌యాక్సెసిబుల్ ఆబ్జెక్ట్ ఎక్సెప్షన్ వస్తుంది. 2017లో జావా 9తో మాడ్యూళ్లు వచ్చాయి, జావా 16 నుంచి ఆ గోడ డిఫాల్ట్‌గా గట్టిపడింది. జావా 8తో నడిచిన సీనియర్ల ప్రాజెక్టు జావా 17లో పేలడానికి తరచూ ఇదే కారణం.

కోట్లిన్‌లో రాశాం. సస్పెండ్ ఫంక్షన్ ఆబ్జెక్ట్ అని చూపిస్తోంది.

జావా రిఫ్లెక్షన్‌తో చూస్తే అంతే. కంపైలర్ చివర కంటిన్యుయేషన్ అనే పారామీటర్ చేర్చి, రిటర్న్ టైపుని ఆబ్జెక్ట్ చేసేస్తుంది. కోట్లిన్ సొంత రిఫ్లెక్షన్‌లో రిటర్న్‌టైప్ అడగండి, మీరు రాసిందే చూపిస్తుంది. నల్ వస్తుందా రాదా అన్నది కూడా ఈజ్‌మార్క్‌డ్‌నలబుల్ చెబుతుంది. జావా వైపు నుంచి ఆ సంగతి తేలదు.

సీషార్ప్‌లో ఇన్ని తిప్పలు ఉన్నాయా?

చాలావరకు లేవు. మెథడ్‌ఇన్ఫో మీద రిటర్న్‌టైప్ ప్రాపర్టీ చదివితే సరి. జెనరిక్ టైపులు అక్కడ రన్‌టైంలోనూ చెరగవు, లిస్ట్ వస్తువుని అడిగినా లోపలి టైపు చెబుతుంది. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త: స్ట్రింగ్ పక్కన ప్రశ్నార్థకం పెట్టినా పెట్టకపోయినా రిటర్న్‌టైప్ స్ట్రింగ్ అనే అంటుంది. నల్ సంగతి తెలియాలంటే డాట్‌నెట్ 6లో వచ్చిన నలబిలిటీఇన్ఫోకాంటెక్స్ట్ వాడాలి. ప్రాపర్టీలు గెట్ అండర్‌స్కోర్ పేర్లతో మెథడ్స్ జాబితాలోకి చొరబడతాయి, చూసి వదిలేయండి.

పైథాన్‌లో టైపులే రాయం కదా, ఏం చూస్తాం?

రాస్తే చూస్తాం. ఫంక్షన్‌కి యానొటేషన్ రాసే వీలు 2008లో పైథాన్ 3.0తోనే వచ్చింది, టైపులుగా వాటికి అర్థం 2015లో పైథాన్ 3.5తో స్థిరపడింది. ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లో సిగ్నేచర్ పిలిచి రిటర్న్ యానొటేషన్ చదవండి. ఏమీ రాయకపోతే ఎంప్టీ అనే ప్రత్యేక గుర్తు వస్తుంది. నన్ రాయడం వేరు, ఏమీ రాయకపోవడం వేరు.

ముందే మనసులో పెట్టుకోవాల్సింది: పైథాన్ ఆ మాటని అమలు చేయించదు. 'బరువు' ఇంట్ ఇస్తుందని రాసి "ఎనభై" అనే స్ట్రింగ్ ఇచ్చినా పైథాన్ ఏమీ అనదు. మైపై లాంటి పనిముట్లు బయటినుంచి చూసి అరుస్తాయి గానీ ఇంటర్‌ప్రెటర్ పట్టించుకోదు. జావాలో మెథడ్ ఇచ్చిన మాటకి కంపైలర్ పూచీ ఉంటుంది. ఇక్కడ రాసినవాడి నిజాయితీ ఒక్కటే పూచీ. అయినా ఫాస్ట్‌ఏపీఐ లాంటి ఫ్రేమ్‌వర్కులు ఈ యానొటేషన్‌ని చదివే జవాబు ఏ ఆకారంలో పోవాలో తేల్చి, దాని ప్రకారం సరిచూస్తాయి.

క్లాసు లోపల అదే క్లాసుని రిటర్న్ టైపుగా రాసేటప్పుడు కోట్స్‌లో పెడతాం కదా, అప్పుడు సిగ్నేచర్ చెప్పేది ఉత్త స్ట్రింగే. ఫైలు పైన ఫ్యూచర్ ఇంపోర్ట్‌తో యానొటేషన్స్ తెచ్చుకున్నా అంతే, అన్నీ స్ట్రింగులైపోతాయి. నిజమైన క్లాసు కావాలంటే టైపింగ్ మాడ్యూల్‌లోని గెట్ టైప్ హింట్స్ వాడండి. టైప్ చెకింగ్ కోసమే, ఇఫ్ కింద ఇంపోర్ట్ చేసిన పేరు ఉంటే అది నేమ్ ఎర్రర్ ఇస్తుంది, రన్‌టైంలో ఆ పేరు లేదు కాబట్టి. పైథాన్ 3.14 నుంచి యానొటేషన్లని అడిగినప్పుడే లెక్కగడుతుంది, కోట్స్ అవసరం చాలావరకు పోయింది.

డెకరేటర్లు రాసేవాళ్లు ఫంక్‌టూల్స్‌లోని ర్యాప్స్ పెట్టడం మరవకండి. పెట్టకపోతే మీ మెథడ్ బదులు డెకరేటర్ లోపలి ఫంక్షన్ సిగ్నేచర్ కనిపిస్తుంది. ఎసింక్ డెఫ్‌తో రాసిన 'బరువు'కి యానొటేషన్ ఇంట్ అనే ఉంటుంది, పిలిస్తే మాత్రం కొరూటీన్ వస్తుంది. సీషార్ప్‌లో టాస్క్<ఇంట్> అని మనమే రాస్తాం కాబట్టి అక్కడ ఈ తేడా రాదు.

పీహెచ్‌పీలో పాత కోడ్ కొత్త వెర్షన్‌లో గెట్‌నేమ్ దగ్గర ఆగిపోతోంది.

రిఫ్లెక్షన్‌మెథడ్ మీద గెట్‌రిటర్న్‌టైప్ పీహెచ్‌పీ 7 నుంచి ఉంది. అప్పట్లో టైపు ఒక్కటే ఉండేది. పీహెచ్‌పీ 8.0లో యూనియన్ టైపులొచ్చాయి, ఒక మెథడ్ ఇంట్ గానీ స్ట్రింగ్ గానీ ఇస్తానని రాసుకోవచ్చు. అలాంటప్పుడు వచ్చేది రిఫ్లెక్షన్‌యూనియన్‌టైప్, దానికి గెట్‌నేమ్ లేదు, గెట్‌టైప్స్ ఉంది. ఏ రకం వచ్చిందో ముందు చూడండి. టైపు రాయని మెథడ్‌కి నల్ వస్తుందని కూడా గుర్తుంచుకోండి. కామెంట్‌లో ఎట్ రిటర్న్ అని రాసింది రిఫ్లెక్షన్ దృష్టిలో టైపు కాదు, డాక్ కామెంట్ తీసుకుని మీరే విడగొట్టుకోవాలి.

టైప్‌స్క్రిప్ట్‌లో రిటర్న్‌టైప్ అని ఉంది కదా, అది చాలదా?

అది కంపైల్ అయ్యేవరకే బతుకుతుంది. బ్రౌజర్‌లో నడిచేది జావాస్క్రిప్ట్, అందులో మీ టైపులు ఒక్కటీ మిగలవు. ఎమిట్ డెకరేటర్ మెటాడేటా ఆప్షన్ పెట్టి, రిఫ్లెక్ట్ మెటాడేటా లైబ్రరీ చేర్చితే డెకరేటర్ ఉన్న మెథడ్స్‌కి మాత్రం కొంత దొరుకుతుంది. ఆ దొరికేది కూడా మొండిదే: ప్రామిస్ లోపల ఏముందో ఉండదు, ఇంటర్‌ఫేస్ అయితే ఆబ్జెక్ట్ అయిపోతుంది. టైప్‌స్క్రిప్ట్ 5.0లో వచ్చిన కొత్త డెకరేటర్లతో ఆ ఆప్షన్ పనిచేయదు, పాత ప్రయోగాత్మక డెకరేటర్లే ఉండాలి.

గో, సీ ప్లస్‌ప్లస్ సంగతి?

గోలో రిఫ్లెక్ట్ ప్యాకేజీ ఉంది. అక్కడ ఒక మెథడ్ ఒకటికి మించి విలువలు ఇవ్వొచ్చు కాబట్టి ముందు నమ్ అవుట్ ఎన్ని అంటుందో చూసి, తర్వాత అవుట్ సున్నా, అవుట్ ఒకటి అని అడగాలి. పాయింటర్ రిసీవర్‌తో రాసిన మెథడ్ ఉత్త విలువ టైపు మీద వెతికితే కనిపించదు, పాయింటర్ టైపు మీద వెతకండి. సీ ప్లస్‌ప్లస్‌లో రన్‌టైంలో మెథడ్స్ జాబితా అడిగే ఏర్పాటే లేదు. డెకల్‌టైప్ కంపైల్ సమయంలోది. టైప్ఐడీ వస్తువు క్లాసు చెబుతుంది గానీ మెథడ్ ఇచ్చిన మాట చెప్పదు.

మెథడ్ పేర్లు తెలుగులోనే రాయొచ్చా, లేక ఇక్కడ చదవడానికి అలా పెట్టారా?

జావాలో నిజంగానే రాయొచ్చు. 'బరువు' అని మెథడ్ పేరు పెట్టండి, కంపైల్ అవుతుంది, గెట్‌నేమ్ అడిగితే తెలుగులోనే తిరిగి ఇస్తుంది. కీవర్డులు మాత్రం మారవు. విండోస్‌లో జావా 18కి ముందు వెర్షన్ అయితే కంపైల్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పాలి, 18 నుంచి అదే డిఫాల్ట్. పైథాన్ 3 కూడా ఒప్పుకుంటుంది.

గో ఒప్పుకోదు. పేరులో అక్షరాలు, అంకెలు మాత్రమే ఉండాలంటుంది, మన గుణింతపు గుర్తులు యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు. 'బరువు'లోని కొమ్ము దగ్గరే ఆగిపోతుంది. గుణింతం లేకుండా 'ధర' అని పెడితే కంపైల్ అవుతుంది, కానీ బయటికి కనిపించాలంటే పేరు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. తెలుగులో పెద్దబడి చిన్నబడి లేవు కాబట్టి ఆ మెథడ్ ఎప్పటికీ ప్యాకేజీ లోపలే ఉండిపోతుంది, రిఫ్లెక్ట్ జాబితాలోకి రాదు.

రిఫ్లెక్షన్ నెమ్మదని అందరూ అంటారు. నిజమేనా?

పిలవడం కన్నా వెతకడం ఖరీదు. గెట్‌మెథడ్స్ పిలిచిన ప్రతిసారీ జావా మెథడ్ ఆబ్జెక్టులకి కొత్త నకళ్లు చేసి ఇస్తుంది. లూప్ లోపల అదే పని చేస్తుంటే నెమ్మది కాక ఏమవుతుంది? ఒక్కసారి వెతికి మ్యాప్‌లో దాచుకోండి. పిలవడం సంగతి చూస్తే, 2022లో జావా 18తో రిఫ్లెక్షన్‌ని మెథడ్ హ్యాండిళ్ల మీద తిరగరాశారు. కొట్టు లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మీకు తేడా తెలియదు, డేటాబేస్ క్వెరీ దానికన్నా ఎన్నో రెట్లు తింటుంది.

రిటర్న్ టైపు చూసి, ఇఫ్‌లు పెట్టి పని నడిపిస్తే తప్పేంటి?

పిక్కలబస్తా అయితే ఇది, పప్పుడబ్బా అయితే అది అని సొంత క్లాసుల మీదే ఇఫ్‌ల దండ గుచ్చుతున్నారంటే మీకు కావలసింది రిఫ్లెక్షన్ కాదు, ఓవర్‌రైడింగ్. సరుకులో 'ధరకట్టు' అని మెథడ్ పెట్టి, బస్తా తన లెక్క, డబ్బా తన లెక్క రాసుకోనివ్వండి. గుండుకి ఒక ధర, బద్దకి ఒక ధర, డబ్ల్యూ 240 గ్రేడుకీ డబ్ల్యూ 320 గ్రేడుకీ వేరే ధర, ఇవన్నీ ఆ క్లాసులకే తెలియాల్సిన సంగతులు. రేపు కొత్త రకం సరుకు వస్తే ఇఫ్‌ల దండ వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు.

మీకు ముందుగా తెలియని క్లాసులతో పనిచేసే కోడ్ రాస్తున్నప్పుడు రిఫ్లెక్షన్ వాడండి: రిపోర్టు తయారుచేసే పనిముట్టు, టెస్టు రన్నర్, జేసన్ మార్చేది. ప్రాజెక్టు గైడ్‌కి గొప్పగా కనిపించాలని వాడకండి.

డీబగ్‌లో నడిచింది, రిలీజ్ ఏపీకేలో క్లాస్‌ని పారామీటరైజ్డ్‌టైప్‌గా కాస్ట్ చేయలేనని క్రాష్ అవుతోంది.

ఆండ్రాయిడ్ ప్రాజెక్టు చేసేవాళ్లకి ఇది దాదాపు ఖాయం. రిలీజ్ బిల్డ్‌లో ఆర్8 కోడ్‌ని కుదిస్తుంది, అనవసరం అనిపించింది తీసేస్తుంది. జెనరిక్ వివరం దాచే సిగ్నేచర్ ఆట్రిబ్యూట్ కూడా అందులో పోతుంది. అది పోతే గెట్‌జెనరిక్‌రిటర్న్‌టైప్‌కి లోపలి టైపు దొరకదు, ఉత్త లిస్ట్ క్లాసు ఇస్తుంది, మీ కాస్ట్ బోల్తా కొడుతుంది. ప్రోగార్డ్ రూల్స్ ఫైలులో కీప్ ఆట్రిబ్యూట్స్ సిగ్నేచర్ లైను చేర్చండి. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 నుంచి ఆర్8 ఫుల్ మోడ్ డిఫాల్ట్ అయింది, అందులో ఆ ఒక్క లైనూ చాలదు. ఏ క్లాసుల మెథడ్స్‌ని రిఫ్లెక్షన్‌తో చదువుతున్నారో వాటికి కీప్ రూల్ కూడా ఉండాలి, లేకపోతే సిగ్నేచర్ నిలవదు. రెండూ పెట్టి, క్లీన్ చేసి, రిలీజ్ బిల్డ్‌నే ఫోన్‌లో ఎక్కించి చూడండి. డీబగ్ బిల్డ్‌లో మామూలుగా కుదింపు జరగదు కాబట్టి అక్కడ ఎన్నిసార్లు చూసినా ఈ క్రాష్ కనిపించదు.